మంచం కోడు కింది ముక్క

మొన్న విశాఖ పెదజాలారిపేటలో సరంగు బాబాయి పెద్దకర్మకు వెళ్లాను. బాబాయి అన్నానని చుట్టరికం అనుకోకండి. మేము సముద్రంలో కలప పరీక్షలు చేసే రోజుల్లో మాకు పడవ నడిపిన మనిషి. రేవులో అందరికీ సరంగు, నాకు సరంగు బాబాయి. కబురు తెలిసేసరికి నేను బెంగళూరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. చివరి చూపుకు అందలేకపోయాను. పదకొండో రోజుకైనా ఉండాలని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ముందు రోజు రాత్రి వాన కురిసినట్టుంది. సందులో ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి. వాళ్ల ఇంటి అరుగు మెట్టు మీద కాలు పెట్టగానే ఆ వాసన తగిలింది. తడిసిన పాత కొయ్య, ఉప్పు, చేపనూనె, గుగ్గిలం, అన్నీ కలిసిన వాసన. ఇల్లు ఇప్పుడు స్లాబు ఇల్లే. అయినా వెనక వసారాలో బాబాయి తెడ్డు అలాగే గోడకు వేలాడుతోంది. వాసన అక్కడి నుంచి వస్తోంది. పదేళ్లుగా నీళ్లు తగలని తెడ్డు, ఒక్క రాత్రి తేమకే మళ్లీ సముద్రం వాసన వేస్తోంది. కొయ్య అంతే, ఏదీ తొందరగా మరిచిపోదు.

పిన్ని నన్ను చూసి, "వచ్చావా అమ్మా, నీ కోసమే ఉంచాం ఒకటి" అంది. నేను భోజనం సంగతేమో అనుకున్నాను. ఆమె వేలు చాపి చూపించింది. బాబాయి చివరి రోజుల్లో పడుకున్న నులక మంచం వసారాలో ఉంది. దాని ఒక కోడు కింద, ఎత్తు సరిపోవడానికి పెట్టిన చెక్క ముక్క. దాని అంచులో లేత ఆకుపచ్చ చాయ.

ఆ ముక్క సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

* * *

మా నాన్నగారు కలప అడితిలో కొలతల గుమాస్తా. మేము కంచరపాలెంలో ఉండేవాళ్లం. ఇంటికి రెండు వీధుల అవతలే అడితి. బడి నుంచి వచ్చాక నా పని ఒక గోనెసంచి పట్టుకుని అక్కడికి వెళ్లి రంపపుపొట్టు తీసుకురావడం. ఈ తరం పిల్లలకు పొట్టు పొయ్యి తెలియదు. రేకు డబ్బాకు కింద ఒక పక్కన బెజ్జం చేసి, మధ్యలో నిలువుగా ఒక సీసా, బెజ్జంలోంచి అడ్డంగా ఒక గుండ్రటి కర్ర పెట్టి, చుట్టూ పొట్టు పోసి అరచేత్తో గట్టిగా అదిమేవాళ్లం. తర్వాత సీసాను తిప్పుతూ నెమ్మదిగా పైకి లాగాలి. కర్రను బయటికి లాగాలి. చేయి వణికితే పొట్టు కూలిపోతుంది, మళ్లీ మొదటికి. సరిగ్గా కుదిరిందా, పూటంతా ఊదే పని లేకుండా మండుతుంది.

అమ్మ పొయ్యి ముట్టించి పొగ చూసి చెప్పేది, "ఇవాళ మామిడి కోశారా?" అని. టేకు పొట్టయితే వాసన వేరు, తోలు సంచి తెరిచినట్టుంటుంది. మద్దిపొట్టు నెమ్మదిగా కాలుతుంది. తడిపొట్టు వస్తే కళ్లు మండి అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేసేది. నేను కలప గురించి మొదట చదువుకున్నది పొగలోనే అని ఇప్పుడు అనిపిస్తుంది.

అడితిలో ఇద్దరు మనుషులు గుంతరంపం పట్టేవారు. ఒకరు దుంగ మీద, ఒకరు కింద గుంతలో. పైవాడికి గీత కనబడుతుంది, కిందివాడికి కళ్లలో పొట్టు పడుతుంది. రంపం పైకి వెళ్లేటప్పుడు ఒక చప్పుడు, దిగేటప్పుడు ఇంకొకటి. దుంగ లోపల ముడి వస్తే ఆ చప్పుడు మారిపోయేది. అప్పుడు నాన్నగారు పుస్తకంలోంచి తలెత్తేవారు. చూడకుండానే, "ముడి తగిలింది, ఆ పలక ధర తగ్గుతుంది" అనేవారు.

ఒకరోజు ఆయన వేగిస చెక్క పేళ్లు కొన్ని గాజుగ్లాసులో వేసి నీళ్లు పోశారు. కాసేపటికి నీళ్లు తేనెరంగులోకి దిగాయి. గ్లాసును ఎండకు ఎత్తి పక్కనుంచి చూడమన్నారు. అంచు నీలంగా మెరిసింది. నెమలి మెడ మీద ఉంటుందే, ఆ నీలం. చెక్క ఎర్రగా, నీళ్లు పచ్చగా, మెరుపు నీలంగా! ఎందుకలా అని అడిగితే, "నాకు తెలియదు తల్లీ, చదువుకుని నువ్వే చెప్పు" అన్నారు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకునే పెద్దలు ఆ రోజుల్లో తక్కువ. ఆ మాటే నన్ను ఇంత దూరం నడిపించింది.

* * *

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివాను. వృక్షశాస్త్రం కాదు. కలపను తినే జీవుల వైపు నుంచి కలపలోకి వచ్చానన్నమాట. బెంగళూరు మల్లేశ్వరంలో ఉన్న కలప శాస్త్ర సంస్థకు విశాఖలో సముద్రపు కలప మీద పనిచేసే చిన్న కేంద్రం ఉండేది. అందులో చేరాను. చేరిన కొత్తలో శిక్షణకు డెహ్రాడూన్ పంపారు.

అక్కడి అటవీ పరిశోధన సంస్థ భవనం చూసి నోరు తెరిచాను. 1929లో ప్రారంభమైన ఇటుకల కట్టడం, వసారాల్లో నడుస్తుంటే మన అడుగుల చప్పుడు మనకే తిరిగి వినిపిస్తుంది. అక్కడి ప్రదర్శనశాలలో ఏడువందల ఏళ్లు దాటిన దేవదారు మాను అడ్డకోత ఉంది. ఆ వలయాల మీద వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను. శ్రీనాథుడు పుట్టే వేళకు ఆ చెట్టు అప్పటికే పెద్దదై ఉంటుందని తట్టగానే వేలు తీసేశాను.

కొయ్యను గుర్తించడం అక్కడే నేర్చుకున్నాను. బ్లేడుతో అడ్డంగా ఒక్క కోత, కొసను ఉమ్మితోనో నీటితోనో తడపడం, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి అద్దం కంటికి ఆనించి, ముక్కను అద్దం దగ్గరికి తేవడం. అందరూ అద్దాన్ని ముక్క దగ్గరికి తీసుకెళ్తారు, అది తప్పు. టేకులో పెద్ద రంధ్రాలు ఏడాదికో వరుసగా దండ గుచ్చినట్టు ఉంటాయి. మామిడిలో రంధ్రాలు చెదిరి ఉంటాయి, ఒక్కో రంధ్రం చుట్టూ లేతరంగు మచ్చ కంటి ఆకారంలో సాగి ఉంటుంది. ఎర్రచందనం సంగతి అద్దం లేకుండానే తెలుస్తుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ అద్దాన్ని నేను డెహ్రాడూన్ బజారులో నా మొదటి జీతంతో కొన్నాను. ఇప్పటికీ నా చేతిసంచిలో ఉంటుంది, ఉండేది.

సొంటి కామేశం పేరు మొదటిసారి విన్నదీ అక్కడే. 1933లో, అదే సంస్థలో, ఆయన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి కొయ్యను కాపాడే మందు తయారుచేశారు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ పురుగును చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కొయ్యలో పట్టి ఉంచుతుంది. ఆ మందుకు ఆస్క్యూ అనే పేరు ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తుల నుంచే వచ్చింది. 1938లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. తర్వాత ప్రపంచమంతటా టెలిఫోను స్తంభాలు, కంచెలు, రేవు కొయ్యలు దశాబ్దాలపాటు ఆ మందు మీదే నిలబడ్డాయి. విశాఖ రేవు ఓడలకు తెరిచినది కూడా 1933లోనే. ఈ రెండు సంగతులు ఒకే ఏడాదివని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. రేవుకు కొయ్య కావాలి, కొయ్యకు మందు కావాలి, రెండూ ఒక్కసారే పుట్టాయి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కామేశం గారి పేరు ఎందుకు లేదని ఈ రోజుకీ బాధపడతాను.

* * *

తిరిగొచ్చాక రేవులో పని. ఒక్కో జాతి కలప నుంచి జానెడున్నర పొడవున, రెండంగుళాల లోపు మందాన ముక్కలు కోయించి, మధ్యలో బెజ్జం పెట్టి, నైలాను తాడుకు నిచ్చెన మెట్లలా వరుసగా కట్టి, నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయంలో కూడా మునిగే లోతులో వేలాడదీసేవాళ్లం. నెలకోసారి పైకి తీసి చూడాలి. కాగితం చీటీ నిలవదు కాబట్టి ఒక్కో ముక్కకు అంచున రంపంతో గాట్లు పెట్టేవాళ్లం. అటు మూడు, ఇటు రెండు. అదే దాని పేరు.

ఆడవాళ్లు పడవ ఎక్కకూడదనే పట్టింపు మా రేవులో అప్పుడు గట్టిగానే ఉండేది. మొదటిరోజు నేను మెట్ల మీద నిలబడ్డాను, కళాసీలు నా వైపు చూడకుండా తాళ్లు సర్దుకుంటున్నారు. ఎవరూ వద్దనలేదు, రమ్మనా లేదు. సరంగు బాబాయి అప్పటికి నలభై దాటిన మనిషి. ఒక కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మా, గంగమ్మకు నువ్వే కొట్టు. ఆ తల్లి కూడా ఆడదే కదా" అన్నాడు. కొట్టాను. నీళ్లు పడవ ముక్కు మీద పోశాడు. అంతే, ఆ రోజు నుంచి ఎవరూ ఏమీ అనలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకే రేవు లేచేది. మరపడవల డగడగ, మంచుగడ్డలు పగలగొట్టే చప్పుడు, వేలం పాటలో ఆడవాళ్ల గొంతులు, గంపల కింద నీళ్లు కారుతున్న సిమెంటు నేల. యారాడ కొండ మీద వెలుగు పడకముందే మా తాడు పైకి లాగాలి. పైకి వచ్చే ముక్క గుర్తుపట్టలేనంతగా మారిపోయి ఉండేది. గుల్లలు, ఆల్చిప్పలు, నాచు, వాటి మధ్య ఎండ్రకాయ పిల్లలు పరుగులు. ఒడ్డుకు తెచ్చి మొండి కత్తితో గీకి శుభ్రం చేసేవాళ్లం. చేతుల నిండా కోతలు. ఉప్పునీళ్లలో అవి మండే మంట రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు మళ్లీ గుర్తొచ్చేది.

శుభ్రం చేశాక ముక్క పైకి బాగానే కనబడుతుంది. అక్కడక్కడ సూదిబెజ్జాలు, అంతే. దాన్ని నిలువుగా చీల్చాలి. మొదటిసారి ఒక మందు వేయని మామిడి ముక్కను చీల్చినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. లోపల కొయ్య అనేది లేదు. వేలు దూరేంత సొరంగాలు, ఒకదాని పక్కన ఒకటి, గోడలకు తెల్లటి సున్నం పూత. ఎంత ఇరుకైనా ఒక సొరంగం ఇంకొక సొరంగంలోకి చొరబడదు, పక్కకు తిరిగిపోతుంది. ఒక్కోదానిలో పాలరంగు శరీరం మెల్లగా ముడుచుకుంటోంది. నాలుగైదు నెలలు నీళ్లలో ఉన్న మామిడి అది.

ఇది పురుగు కాదు. ఆల్చిప్ప జాతి. టెరెడో అంటారు, దాని బంధువు బాంకియా. చిన్నప్పుడు నీళ్లలో తేలుతూ వచ్చి, కొయ్య మీద వాలి, సూదిమొనంత బెజ్జం చేసుకుని లోపలికి వెళ్తుంది. ఇక బయటికి రాదు. తల దగ్గర మిగిలిన రెండు చిన్న చిప్పలకు ఆకురాయి పళ్లలాంటి గీతలుంటాయి, వాటితో తోముకుంటూ లోపలికి పోతుంది. తోక బెజ్జం దగ్గరే ఉంచి నీళ్లు పీలుస్తుంది. నీళ్లు ఉప్పు తగ్గినా, కొయ్య నీటిపైకి వచ్చినా రెండు చిన్న తలుపుల్లాంటి బిళ్లలతో బెజ్జం మూసేసుకుంటుంది. దాని మొప్పల్లో ఉండే బ్యాక్టీరియా కొయ్యను అరిగించడానికి తోడ్పడతాయి.

బాబాయికి ఇదంతా చెప్పేదాన్ని. 1731లో హాలెండులో సముద్రపు గట్లకు వేసిన కొయ్యలను ఇది తినేస్తే, దేశం మునిగిపోతుందని జనం వణికిపోయారనీ, చివరికి రాళ్లు తెప్పించి గట్లు కట్టుకున్నారనీ చెప్పాను. ఇది తవ్వే తీరు చూసే బ్రూనెల్ అనే ఇంజనీరు లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం తవ్వే పద్ధతి కనిపెట్టాడనీ చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే దీన్ని తిట్టకూడదు, దీనికి పని తెలుసు" అన్నాడు. ఆ తర్వాత ముక్క చీల్చేటప్పుడు ఆయన మొహంలో పురుగును చూసే అసహ్యం ఎప్పుడూ చూడలేదు.

* * *

ముక్కలను చీల్చకుండా లోపలి సంగతి తెలుసుకోవడానికి కొన్నాళ్లు ఎక్స్‌రే తీయించాం. ఒక ఆసుపత్రిలో రాత్రి రోగులు తగ్గాక, తడి గోనెలో చుట్టిన కొయ్యముక్కలు పట్టుకుని వరండాలో కూర్చునేదాన్ని. ఫిల్ము మీద సున్నం సొరంగాలు తెల్లగా, చెట్టు వేళ్లలా కనబడేవి. చాలా అందంగా ఉండేవి.

ఒకసారి ఒక ఫిల్ము చూపించకుండా బాబాయికి ముక్క ఇచ్చాను. వేలి కణుపుతో కొసను రెండుసార్లు తట్టి చెవి దగ్గర పెట్టుకుని, "మధ్యలోంచి ఎడమకు ఎక్కువ తిన్నది, కుడి చివర బాగుంది" అన్నాడు. ఫిల్ము తీశాను. అచ్చంగా అలాగే ఉంది. మళ్లీ ఇచ్చాను, మళ్లీ చెప్పాడు. పన్నెండు ముక్కలకు పది సరిగ్గా చెప్పాడు. తప్పిన రెండింటిలో ఒకటి ముడి ఉన్న ముక్క. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను కానీ వ్యాసంలో రాయలేదు. రాసి ఉండాల్సింది. ఒక మనిషి చెవిని పరికరంగా ఎలా చూపించాలో నాకప్పుడు తెలియలేదు.

తట్టడం నాకూ నేర్పాడు. గోరుతో కాదు, చూపుడువేలు రెండో కణుపుతో. మంచి కొయ్య మాట తిరిగి ఇస్తుంది, తిన్న కొయ్య మాట మింగేస్తుంది అనేవాడు.

తెప్పల గురించి కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను. తెప్ప తేలాలి కాబట్టి బూరుగు లాంటి తేలిక కర్ర కావాలి. తేలిక కర్ర అంటే ఈ జీవికి పండగ. మరి ఆ మెత్తటి కర్రతో తాతముత్తాతలు ఎలా నెగ్గుకొచ్చారు? వేట నుంచి వచ్చాక తెప్పను నీళ్లలో వదిలేసేవారు కాదు. అలసిపోయి ఉన్నా సరే, తాళ్లు విప్పి, దుంగలు విడదీసి, ఇసుక మీదకు లాగి ఎండబెట్టేవారు. లోపలికి చేరిన పిల్ల ఎండకు చచ్చిపోయేది. పైన చేపనూనె పూసేవారు. మేము ప్రయోగశాలలో 103 డిగ్రీల పొయ్యిలో ముక్కలు ఎండబెట్టి, బరువు ఇక తగ్గనంత వరకు తూచి తూచి రాసుకునేవాళ్లం. వాళ్లు ఆ పని వీపు మీద ఎండతో చేశారు. ఉదయం పదింటికి జాలారిపేట ఇసుక నిండా వరసగా ఆరిన దుంగలు, వాటి మధ్య వలలు, వలల మధ్య నిద్రపోతున్న మనుషులు. ఆ దృశ్యం ఇప్పుడు లేదు.

* * *

ఒక ఏడాది మేము మందు పట్టించిన ముక్కల వరుస ఒకటి వేశాం. పెద్ద ఇనుప గొట్టంలో కొయ్య పెట్టి, మూత బిగించి, ముందు లోపలి గాలి లాగేస్తారు. తర్వాత మందునీళ్లు వదిలి, ఒత్తిడి పెడతారు. కొయ్యలోని ప్రతి గదిలోకీ మందు దిగుతుంది. తెరిచినప్పుడు లేత ఆకుపచ్చ రంగులో, తడిసిన ఇనుము వాసనతో బయటికి వచ్చేవి. ఇరవైనాలుగు ముక్కలు. మామిడివి కూడా వాటిలో ఉన్నాయి, ఎందుకంటే చవకైన మామిడి నిలబడితే పేదవాడి పడవ నిలబడుతుంది. నా ఆశ అంతా దాని మీదే.

తొమ్మిదో నెలలో వెళ్లి చూస్తే తాడు లేదు. ఎవరో కోసుకుపోయారు. నైలాను తాడుకు అప్పట్లో విలువ ఎక్కువ. నేను జెట్టీ మీద కూర్చుని ఏడ్చాను. బాబాయి ఏమీ మాట్లాడకుండా చొక్కా విప్పి దూకాడు. ఆ మురికినీళ్లలో, నూనె తేలుతున్న చోట, రెండు రోజులు మునిగి లేచాడు. ఒక్కొక్కటి పైకి తెచ్చి నా పక్కన పెట్టేవాడు, మళ్లీ మునిగేవాడు. ఇరవైమూడు దొరికాయి. ఇరవైనాలుగోది దొరకలేదు. అటు మూడు, ఇటు రెండు గాట్లున్నది, మామిడి. రిజిస్టరులో దాని ఎదురుగా 'పోయింది' అని రాశాను.

ఆ పనిలో ఉండగానే ఒకరోజు, ముక్కల మీది నీళ్లు తుడుస్తూ ఆయన అడిగాడు, "అమ్మా, ఈ పచ్చమందు పురుగును చంపుతుంది సరే. ఇది నీళ్లలోకి దిగితే చేపకు ఏమవుతుంది? ఆ చేప మేమే కదా తినేది?"

నా దగ్గర సిద్ధంగా జవాబు ఉంది. మందు కొయ్యకు అతుక్కుంటుంది, బయటికి రాదు అని పుస్తకంలో ఉన్న మాట. చెప్పబోయి ఆగిపోయాను. వేగిస గ్లాసు పట్టుకుని తెలియదన్న నాన్నగారు గుర్తొచ్చారు. "నాకు తెలియదు బాబాయ్, చూసి చెబుతాను" అన్నాను.

తర్వాత కొన్నేళ్లు నా పని అదే అయింది. సముద్రపు నీళ్లు నింపిన గాజు జాడీల్లో మందు పట్టించిన ముక్కలు వేసి, నీళ్లు మారుస్తూ, ఎంత రాగి దిగుతోందో కొలవడం. మొదటి రోజుల్లో ఎక్కువ దిగింది, తర్వాత తగ్గుతూ వచ్చింది. తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. ఆ మాట ఆయనకు అలాగే చెప్పాను. "అయితే పట్టించాక ఒడ్డునే కొన్నాళ్లు నానబెట్టి, ఆ నీళ్లు వేరే చోట పారబోసి, అప్పుడు దించాలి" అన్నాడు. ఆలోచించి చూస్తే మంచి సలహా. 2003 చివరికి అమెరికాలో ఇళ్ల దగ్గర వాడే కలపకు ఈ మందు ఆపేశారు, యూరప్‌లోనూ ఆంక్షలు వచ్చాయి. ఆ వార్త చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది సరంగు బాబాయి. కామేశం గారి మీద గౌరవం నాకు వీసమెత్తు తగ్గలేదు, ఆయన మందు ఎన్ని అడవులను గొడ్డలి నుంచి తప్పించిందో నాకు తెలుసు. కానీ ప్రశ్న అడిగినవాడు కూడా గొప్పవాడే.

* * *

ఫైబరు తెప్పలు వచ్చాయి. ఒకటి, పది, వంద. తేలిక, ఎండబెట్టక్కర్లేదు, టెరెడోకు పళ్లు దిగవు. కొత్త తెప్ప మొదటిసారి నీళ్లలోకి దించుతుంటే నేనూ వెళ్లాను, హారతి ఇచ్చారు. మనస్ఫూర్తిగా సంతోషించాను, వాళ్ల వీపులకు బరువు తగ్గింది కదా. తర్వాత నన్ను బెంగళూరు బదిలీ చేశారు. అక్కడ చాలా ఏళ్లు పనిచేశాను. గది బాగుండేది, పరికరాలు బాగుండేవి, సముద్రం మాత్రం లేదు.

సెలవుల్లో వచ్చినప్పుడల్లా రేవుకు వెళ్లేదాన్ని. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక వెళ్లాను. విశ్వవిద్యాలయం దారిలో మేము చదువుకున్న రోజుల చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. బాబాయి నాతో నడుస్తూ పడిన మానులను ఒక్కొక్కటి తట్టాడు. "ఇది లోపల ఎప్పుడో పోయింది, గాలి వంక" అన్నాడు ఒకచోట. ఇంకొక చోట తట్టి, చాలాసేపు చేయి తియ్యలేదు. "ఇది మంచిది అమ్మా. దీనికి చావు రాకూడదు" అన్నాడు.

2023 నవంబరులో చేపల రేవులో మంటలు లేచి పడవలు పదుల సంఖ్యలో కాలిపోయినప్పుడు ఫోను చేశాను. అప్పటికే మంచంలో ఉన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. పడవల సంగతి మాట్లాడలేదు. పొగ ఇంటిదాకా వచ్చిందనీ, ఫైబరు కాలిన వాసన వేరు, లోపలి కొయ్య కాలిన వాసన వేరు, రెండూ తెలుస్తున్నాయనీ చెప్పాడు. మా అమ్మ పొట్టు పొయ్యి ముందు కూర్చుని చెప్పినట్టే ఉంది ఆ మాట.

* * *

భోజనాలయ్యాక పిన్ని మనవడిని పిలిచి మంచం ఎత్తించింది. వాడికి పన్నెండేళ్లుంటాయి. ముక్క తీసి నా చేతిలో పెట్టింది. బొటనవేలితో అంచు తడిమాను. అటు మూడు గాట్లు. ఇటు రెండు.

"నువ్వు బెంగళూరు వెళ్లాక ఒక రోజు వలలో వచ్చింది" అంది పిన్ని. "అమ్మాయి గారిది, వచ్చాక ఇవ్వాలి అని అటక మీద పెట్టాడు. నువ్వు వచ్చిన ప్రతిసారీ మీ ఇద్దరికీ కబుర్లతోనే సరిపోయేది. మొన్న మంచం ఊగుతోందని కోడు కింద పెట్టించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చి, ఇది పారేయకండి, ఆవిడకు చెప్పండి అన్నాడు."

కణుపుతో తట్టాను. మోగింది. పిన్ని తల ఊపింది, ఆమెకూ తెలుసు ఆ చప్పుడు.

మనవడు పక్కనే నిలబడి, "అమ్మమ్మ గారూ, ఇది ఏ చెట్టు?" అన్నాడు. సంచిలోంచి బ్లేడు తీసి కొస మీద పల్చగా ఒక పొర లేపాను. పైన బూడిదరంగు, కింద లేత ఆకుపచ్చ, ఇంకా కింద మామిడి. వాడి వేలినే నీళ్లలో ముంచి తడపమన్నాను. అద్దం కంటికి ఆనించుకుని, ముక్కను దగ్గరికి తెచ్చుకోమన్నాను. వాడు మొదట అద్దాన్నే ముక్క దగ్గరికి తీసుకెళ్లాడు. చేయి పట్టుకుని సరిచేశాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "లోపల అన్నీ కళ్లున్నాయి" అన్నాడు.

ముక్క తిప్పి రెండో కొస చూశాడు. అరుగు చెక్క చూశాడు. గోడ మీది తెడ్డు దింపించుకుని దాని పిడి చూశాడు. నాకు రైలు వేళ అయింది. మామిడి ముక్క సంచిలో పెట్టుకుని లేచాను. అద్దం వాడి దగ్గరే ఉంది.